సెకండ్ హ్యాండ్ పికప్ కొంటున్నారా? గేర్ బాక్స్ నట్టు విప్పి చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి

మదనపల్లె చుట్టుపక్కల టమోటా లోడుకి పాత పికప్ కొనాలని తిరుగుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు 42 వేలు చేతి చమురు వదిలింది. మీకు అరగంట పని, పాత గుడ్డ ముక్క ఒకటి ఉంటే చాలు.

పోయిన నెలలో పాత బండ్లు అమ్మే ఒక ఆటో కన్సల్టెన్సీలో 2016 మోడల్ పికప్ తీసుకున్నాను. 3,85,000కి బేరం తెగింది. ఆర్‌సీ, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్స్, ఫైనాన్స్ తీరిపోయినట్టు ఫారం 35, బదిలీకి 29, 30 ఫారాల మీద సంతకాలు, అన్నీ పక్కాగా ఉన్నాయి. కాగితాల్లో వంక పెట్టడానికి లేదు. అందుకే నేనూ ధీమాగా ఉన్నాను.

బండి చూడటానికి పొద్దున 8 గంటలకు వెళ్లాను. అప్పటికే ఇంజిన్ వేడిగా ఉంది. "ఇప్పుడే డీజిల్ కొట్టించుకొచ్చాం అన్నా" అన్నారు. నమ్మాను. కింద వంగి చూస్తే గేర్ బాక్స్, క్రౌన్ (వెనక ఇరుసు మధ్య ఉండే పళ్ల పెట్టె), ఛాసిస్ మొత్తం కొత్త నల్ల రంగు. ఎంత బాగా పెట్టుకున్నారో అనిపించింది. ట్రయల్‌లో గేర్ బాక్స్ నుంచి చిన్న శబ్దం కూడా లేదు. తొమ్మిదేళ్లు లోడు మోసిన బండి అంత నిశ్శబ్దంగా ఉంటే అనుమానం రావాలి. నాకు సంతోషం వచ్చింది!

ఇంటికి తెచ్చిన మర్నాడు తెల్లవారుజామున మొదటి గేరు నుంచి రెండో గేరు పడటానికి మొరాయించింది. చలికి అలాగే ఉంటుందిలే అనుకున్నాను. పది రోజులయ్యాక టమోటా లోడుతో తిరుపతికి పోతుంటే భాకరాపేట ఘాట్‌లో గేర్ బాక్స్ నుంచి ఊళ మొదలైంది. మూడో గేరులో ఊళ, రెండో గేరులో ఇంకా పెద్ద ఊళ. నాలుగుకి వేస్తే తగ్గుతుంది. ఇంటికొచ్చి చూస్తే బండి నిలిపిన చోట నల్లగా ఆయిల్ చుక్కలు.

ఆయిల్ తగ్గి ఉంటుంది, పోస్తే సరిపోతుంది అనుకున్నాను. డల్లాస్‌లో ఉండే మా బావమరిదికి ఫోన్ చేస్తే, "ఇంజిన్ ఆన్‌లో ఉంచి, వేడెక్కాక డిప్ స్టిక్ తీసి చూడు బావా, ఆయిల్ ఎర్రగా ఉండాలి" అన్నాడు. టార్చి పట్టుకుని గంటసేపు ఆ డిప్ స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) కోసం వెతికాను. దొరికింది ఇంజిన్ ఆయిల్‌ది ఒక్కటే. వాడు చెప్పింది వాడి బండికి సరే. అక్కడి పికప్‌లు ఎక్కువగా ఆటోమేటిక్, వాటిలో పోసేది వేరే ఆయిల్, చూసే పద్ధతి కూడా వేరు. మన మాన్యువల్ గేర్ బాక్సుకి డిప్ స్టిక్ ఉండదు. పక్కన ఒక నట్టు ఉంటుంది, దాన్ని విప్పి చూడాలి, అదీ ఇంజిన్ ఆపేసి. యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

రెండో తప్పు కూడా నాదే. రోడ్డు పక్కన ఆయిల్ షాపులో కుర్రాడికి అప్పగించాను. బండి కుడి చక్రాలు గట్టు మీద, ఎడమ చక్రాలు పల్లంలో ఉన్నాయి. నట్టు కుడి వైపే ఉంది. ఆ వైపు పైకి లేచి ఉంటే రంధ్రం దాకా వచ్చేసరికి పట్టాల్సిన దానికంటే ఎక్కువ ఆయిల్ పడుతుంది. పైగా వాడు పోసింది క్రౌన్‌కి పోసే 85డబ్ల్యూ-140 రకం చిక్కటి ఆయిల్. "గేర్ ఆయిల్ అంతా ఒకటే అన్నా" అన్నాడు. రెండు రోజులకే పైనున్న గాలి గొట్టంలోంచి ఆయిల్ కక్కింది, రెండో గేరు వేస్తే కరకరమంది.

చివరికి ఊళ్లో పాత మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన స్పానర్ పట్టుకోకముందే బండి స్టార్ట్ చేయించి, న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ తొక్కమన్నాడు. తొక్కితే శబ్దం ఆగింది, వదిలితే వచ్చింది. "నాలుగో గేరు డైరెక్టు నాయనా, ఇంజిన్ తిప్పు నేరుగా వెనక్కి పోతుంది, కింది షాఫ్ట్ మీద బరువు పడదు. మిగతా గేర్లలోనే ఊళ వస్తోందంటే ఆ షాఫ్ట్ బేరింగులు పోయినట్టే" అన్నాడు. విప్పి చూస్తే ఆ మాట అక్షరాలా నిజమైంది.

ఆయిల్ దించే కింది డ్రెయిన్ నట్టు విప్పితే ఆయిల్ ధారగా పడలేదు, పానకంలా సాగుతూ కారింది. అందులో గ్రీజు ముద్దలు! ఆయిల్ షాపు కుర్రాడు పోసింది పైన కొంచెమే, ఆ ముద్దలన్నీ అమ్మినవాళ్ల చలవే. అరిగిన పళ్ల మధ్య చిక్కటి ఆయిల్ మెత్తలా నిలబడి శబ్దాన్ని మింగేస్తుంది. పూర్వం లారీల్లో ఇందుకే రంపపు పొట్టు పోసేవాళ్లట. ఘాట్‌లో లోడుతో నడిచేసరికి ఆయిల్ కాగి పలచబడుతుంది, దాచిన శబ్దం బయటికొస్తుంది. చల్లగా ఉన్నప్పుడు చిక్కటి ఆయిల్‌తో గేర్లు పడవు. అందుకే నేను వెళ్లేసరికి బండి వేడి చేసి ఉంచారు. డీజిల్ కొట్టించడం సంగతి, ఆయిల్ కారిన మరకలు కనబడకుండా వేసిన ఆ నల్ల రంగు సంగతి ఇప్పుడు అర్థమైంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెప్తాను. వస్తున్నట్టు ముందు చెప్పకండి, లేదా "స్టార్ట్ చేయకుండా ఉంచండి" అని చెప్పి వెళ్లి, బానెట్ ఎత్తి ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లగా ఉన్నప్పుడే గేర్లు వేసి చూడండి. తర్వాత చదునైన చోట నిలిపి, ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టి, వాళ్ల మెకానిక్ చేతే పక్కనున్న పై నట్టు విప్పించండి. వేలు లోపల పెట్టి కిందికి వంచితే ఆయిల్ రంధ్రం అంచు దగ్గరే తగలాలి. వేళ్ల మధ్య రుద్ది చూడండి. తేనెలా సాగినా, గ్రీజు తగిలినా, కాలిన వాసన వచ్చినా అక్కడితో బేరం ఆపేయండి. మెరిసే ఇత్తడి పొడి కనిపిస్తే గేర్లు కరకరమనకుండా పడేలా చేసే సింక్రోనైజర్ రింగులు అరిగాయని అర్థం.

వాళ్లు ఒప్పుకుంటే కింది నట్టు కూడా విప్పించండి. పై నట్టు వస్తుందని తేలాకే కిందిది ముట్టుకోవాలి. పైది తుప్పు పట్టి రాకపోతే, ఆయిల్ అంతా తీసేశాక తిరిగి పోయడానికి దారి ఉండదు. కింది నట్టుకి చాలా బండ్లలో అయస్కాంతం ఉంటుంది. దానికి బూడిద రంగు పేస్టు అంటుకోవడం మామూలే. బియ్యం గింజల్లాంటి ఇనుప ముక్కలు ఉంటే ఎంత తక్కువకి ఇస్తానన్నా వద్దు.

కొన్నాక ఆయిల్ పోయించేటప్పుడు డబ్బా మీద రెండు చోట్ల చదవండి. 75డబ్ల్యూ-80, 80డబ్ల్యూ-90 లాంటిది చిక్కదనం. జీఎల్-4, జీఎల్-5 అనేది ఆయిల్‌లో కలిపిన మందు ఘాటు. జీఎల్-5లో గంధకం, భాస్వరం మందులు ఎక్కువ, క్రౌన్ పళ్లకి అవి కావాలి. గేర్ బాక్సులో ఇత్తడి రింగులు ఉంటే అదే మందు వాటిని తినేయొచ్చు. ఏది పోయాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, దాని ప్రకారమే పోయించండి. షాపువాడి మాట మీద పోయించిన ఫలితం పైన చదివారు కదా. రంధ్రం అంచు దాకా వచ్చి కారడం మొదలైతే ఆపేయాలి.

కన్సల్టెన్సీకి ఫోన్ చేశాను. మొదటిసారి "పాత బండికి గ్యారంటీ ఏముంటుంది అన్నా, మీరే నడిపి చూసుకున్నారు కదా" అన్నారు. రెండోసారి ఎత్తలేదు. నేను సంతకం పెట్టిన కాగితంలో "ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను" అని ఉంది. చదవకుండానే పెట్టాను.

బేరింగులు, రింగులు, వెనక సీలు, కూలీ కలిపి 42 వేలు. బండి ఇప్పుడు బాగానే నడుస్తోంది. మొన్న సోమవారం ఆ దారినే వెళ్తే కన్సల్టెన్సీ ముందు ఇంకో తెల్ల పికప్ నిలబెట్టి ఉంది. ఆగి కిందికి వంగి చూశాను. గేర్ బాక్స్ మీద నల్ల రంగు ఇంకా ఆరలేదు.