‘ఐసోలేటెడ్’ అని రాసి అమ్ముతున్న చవక డీఎంఎక్స్ కేబుల్‌తో జాగ్రత్త

హాలోవీన్‌కి ఇంటి గరాజ్‌లో దయ్యాల కొంప కట్టి, లైట్లనీ పొగ మిషన్‌నీ లాప్‌టాప్‌తో నడపాలనుకునేవాళ్ళు ఏదైనా కొనేముందు ఇది చదవండి. పోయిన అక్టోబర్ 31న మా ఇంట్లో ఒక చిన్న బాబుకి పెద్ద దెబ్బ జానెడు దూరంలో తప్పింది. నేను 23 డాలర్లకి కొన్న యూఎస్‌బీ-డీఎంఎక్స్ కేబుల్‌కి అందులో వాటా ఉంది, నా తొందరపాటుకీ ఉంది. రెండూ చెబుతాను. డీఎంఎక్స్ అంటే స్టేజి లైట్లకీ పొగ మిషన్లకీ ఆదేశాలు పంపే పద్ధతి. వాటిని లాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టుకి కలిపేది ఈ కేబుల్.

మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. బడులు తెరిచిన దగ్గర్నుంచీ మా పిల్లలు "ఈసారి ఏం దయ్యం నాన్నా?" అని వెంటపడతారు. అందుకని కిందటేడు కాస్త పెద్దగానే పెట్టాను. ఆరు ఎల్‌ఈడీ పార్ లైట్లు (స్టేజి మీద వాడేవి), గబగబా మెరిసే ఒక స్ట్రోబ్ లైటు, వెయ్యి వాట్ల పొగ మిషన్, గాలి ఒత్తిడితో మూత లేచే శవపేటిక. మూతని లేపే వాల్వ్‌ని ఒక డీఎంఎక్స్ రిలే డబ్బాకి (ఆదేశం వస్తే కరెంటు ఆన్, ఆఫ్ చేసేది) కలిపాను. లైట్లని నడిపే సాఫ్ట్‌వేర్ క్యూఎల్‌సీ ప్లస్, అది ఉచితం, దాంతో నాకే ఇబ్బందీ లేదు.

కేబుల్ అమ్మిన పేజీలో రెండు మాటలు పెద్దక్షరాల్లో ఉన్నాయి: ‘ఐసోలేటెడ్’, ‘ప్రో కంపాటిబుల్’. ఐసోలేటెడ్ అంటే లైట్ల వైపు వైర్లకీ లాప్‌టాప్‌కీ మధ్య కరెంటు దాటకుండా విడదీసినదని అర్థం. ప్రో సంగతి కింద చెబుతాను. వాటిని చూసే కొన్నాను. ఆగస్టులో వచ్చింది. బల్ల మీద రెండు లైట్లు పెట్టి పది నిమిషాలు చూసి, బాగుందనుకుని డబ్బాలో పెట్టేశాను.

ఆ రాత్రి ఏడున్నరకి రెండో గుంపు పిల్లలు లోపలికొచ్చారు. పొగ మిషన్ హీటర్ ఆన్ అయింది. అదే సమయానికి లాప్‌టాప్‌లో యాంటీవైరస్ స్కాన్ మొదలైంది. లైట్లు పిచ్చిపట్టినట్టు మిణుకుమన్నాయి. నేను మీట నొక్కకుండానే శవపేటిక మూత ఎగిరి లేచింది. పక్కింటి బాబు, ఐదేళ్ళవాడు, లోపల ఏముందోనని దాని మీదికి వంగి చూస్తున్నాడు. వాళ్ళ నాన్న చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు కాబట్టి సరిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. గాలి వాల్వ్ కట్టేసి, లైట్లన్నీ వేసి, ఆ రాత్రికి ఆపేశాను. లాప్‌టాప్‌లో ఆ యూఎస్‌బీ పోర్టు అప్పట్నుంచి పనిచేయడం లేదు.

మర్నాడు కేబుల్ డబ్బా విప్పాను. లోపల ఉన్నవి రెండే చిప్పులు. ఒకటి యూఎస్‌బీని సీరియల్‌గా మార్చేది, రెండోది ఆ సిగ్నల్‌ని డీఎంఎక్స్ వైర్లలోకి పంపే ఆర్‌ఎస్-485 డ్రైవర్. మైక్రోకంట్రోలర్, అంటే సొంతంగా లెక్క చూసుకునే చిన్న కంప్యూటర్ చిప్పు, లేదు. ఐసోలేషన్‌కి ఉండాల్సిన ఆప్టోకప్లర్ (తీగ కలపకుండా వెలుగుతో సిగ్నల్ దాటించే చిప్పు) గానీ, విడి కరెంటు ఇచ్చే చిన్న కన్వర్టర్ గానీ లేవు. మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి ఒక మొన యూఎస్‌బీ గ్రౌండ్ పిన్‌కీ, ఇంకోటి లైట్ల వైపు ఉండే ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్గు ఒకటో పిన్‌కీ (అటువైపు గ్రౌండ్) ఆనించాను. బీప్ మోగింది. నిజంగా ఐసోలేషన్ ఉన్న దాంట్లో మోగకూడదు. అంటే అటువైపు వైర్లలో ఏ తేడా వచ్చినా తిన్నగా లాప్‌టాప్‌లోకి దారి ఉన్నట్టే. ఈ పరీక్షకి డబ్బా విప్పక్కర్లేదు, నిమిషం పట్టదు. కొన్న రోజే చేయండి.

‘ప్రో’ అన్న మాట కూడా అబద్ధమే. క్యూఎల్‌సీ ప్లస్‌లో కేబుల్ రకం ఎంచుకునే చోట ‘ఓపెన్’, ‘ప్రో’ అని ఉంటాయి. నాది ఓపెన్‌గా తప్ప నడవలేదు. ఈ తేడా చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం విడమరుస్తాను. డీఎంఎక్స్ సెకనుకి రెండున్నర లక్షల బిట్ల వేగంతో నడుస్తుంది. మొత్తం 512 ఛానెళ్ళ విలువలూ ఒకసారి పంపడానికి దాదాపు 23 మిల్లీసెకన్లు, అంటే సెకనుకి 44 సార్లు. ప్రతిసారీ మొదట్లో కొత్త విడత మొదలైందని తెలిపే బ్రేక్ కనీసం 92 మైక్రోసెకన్లు ఇవ్వాలి. ప్రో తరహాలో ఈ లెక్కంతా డబ్బాలో ఉన్న మైక్రోకంట్రోలర్ చూసుకుంటుంది. ఓపెన్ తరహాలో కంప్యూటరే చూసుకోవాలి, అది వేరే పనిలో పడితే సిగ్నల్ తడబడుతుంది. రెండు లైట్ల సరదాకి ఓపెన్ చాలు, అదేమీ మోసం కాదు. ఓపెన్‌ని ప్రో అని చెప్పి అమ్మడమే మోసం.

నా తప్పులు కూడా ఉన్నాయి. డీఎంఎక్స్ కేబుల్ బదులు ఇంట్లో ఉన్న మైక్ కేబుల్ వాడాను. సిగ్నల్ వెనక్కి తిరిగి రాకుండా లైను చివర పెట్టాల్సిన 120 ఓమ్‌ల టెర్మినేటర్ పెట్టలేదు. తర్వాత రెండూ సరిచేసి మళ్ళీ చూశాను. మిణుకు తగ్గింది కానీ, స్కాన్ పెట్టిన ప్రతిసారీ తిరిగొచ్చింది. స్నేహితుడి దగ్గర్నుంచి ప్రో తరహాది తెచ్చి, అదే లాప్‌టాప్ ఇంకో పోర్టుకి పెట్టి రెండు గంటలు నడిపాను. ఒక్కసారి కూడా తొణకలేదు. దాని ధర నా కేబుల్‌కి ఆరేడు రెట్లు. పాడైన పోర్టు బాగుచేయించే ఖర్చుతో పోలిస్తే అదేమీ ఎక్కువ కాదు.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఆ మూతని డీఎంఎక్స్‌కి కలపడం. 1986లో అమెరికాలో థియేటర్లలో లైట్ల వెలుగు తగ్గించి పెంచే డిమ్మర్ల కోసం పుట్టిన పద్ధతి ఇది. వచ్చిన విలువ సరైందో కాదో సరిచూసుకునే ఏర్పాటు తప్పనిసరిగా అందులో లేదు. మనుషులకి ప్రమాదం జరిగే చోట వాడొద్దని ఆ ప్రమాణంలోనే రాసి ఉంది. ఎంత ఖరీదైన కేబుల్ కొన్నా ఇది మారదు. లైటు తప్పు వెలిగితే ఏమీ కాదు. కదిలే మూత, నిప్పు, మనిషి మీదికొచ్చే ఏ బొమ్మనీ దయచేసి దీనికి కలపకండి. ఇంకొకటి, పొగ మిషన్‌నీ మోటార్లనీ డిమ్మర్ ప్యాక్‌లో పెట్టకండి, వాటికి రిలే ప్యాక్ వేరే ఉంటుంది.

అమ్మినవాళ్ళకి ఫొటోలు, మీటర్ వీడియో పంపాను. 30 రోజుల గడువు దాటిందని ఒక్క ముక్కలో జవాబిచ్చారు. ఐసోలేషన్ గురించి మూడుసార్లు అడిగినా ఉలుకూ పలుకూ లేదు. అందుకే ఆగస్టులో కొని అక్టోబర్ దాకా దాచకండి. గడువు లోపలే అన్ని లైట్లూ, పొగ మిషన్, పూర్తి పొడవు వైరూ పెట్టి, లాప్‌టాప్‌లో వేరే ప్రోగ్రాములు కూడా తెరిచి రెండు గంటలు నడిపి చూడండి.

ఈ ఏడాది మా శవపేటిక మూతకి కంప్యూటర్‌తో సంబంధం లేదు. మీట మా ఆవిడ చేతిలో ఉంటుంది, పిల్లలకి అడ్డంగా నాలుగడుగుల దూరంలో చెక్క కంచె కట్టాను. ఆ కేబుల్ పేజీ మాత్రం నిన్న రాత్రి చూసేసరికి కూడా అలాగే ఉంది. ‘ఐసోలేటెడ్’ అన్న మాట తీయలేదు, కొత్తగా తెల్ల రంగు డబ్బాలో కూడా పెట్టారు.