స్టెంట్ తర్వాత మూడేళ్లుగా కట్టుకుంటున్న ఛాతీ పట్టీ

స్టెంట్ వేసి ఇంటికి పంపేనాటికి నాకు 54 ఏళ్లు. నాలుగు మెట్లెక్కాలన్నా భయం. కాస్త దడగా ఉంటే చాలు, మళ్లీ ఏదో అయిపోతోందని కూలబడేవాణ్ని. గుండె వేగం చూసుకుంటూ నడవమని ఫిజియోథెరపిస్ట్ చెప్పాక, ఛాతీకి కట్టుకుంటే గుండె వేగం చూపించే ఈ పట్టీ కొన్నాను. మూడేళ్లు దాటింది.

మొదట్లో పెద్ద పొరపాటే చేశాను. గుండె గరిష్ఠ వేగానికి అందరూ వేసే లెక్క ప్రకారం 220లోంచి వయసు తీసేస్తే నిమిషానికి 166, అందులో 70 శాతం 116, అంతవరకు వెళ్లొచ్చు అనుకున్నాను. కానీ నేను బీటా బ్లాకర్ మాత్ర వేసుకుంటున్నాను. ఆ మాత్ర గుండెను అంత వేగంగా కొట్టుకోనివ్వదు. అందుకే రోజూలాగే మాత్ర వేసుకున్నాక ట్రెడ్‌మిల్ టెస్ట్ చేశారు. నా గరిష్ఠం 128 దగ్గరే ఆగింది. విశ్రాంతిగా ఉన్నప్పుడు 62. ఈ రెండింటి తేడా 66లో 40 నుంచి 60 శాతం తీసుకుని, దాన్ని 62కు కలిపితే 88 నుంచి 102 వరకు వచ్చింది. మొదట్లో నాకు పెట్టిన హద్దు అదే. ఆ లెక్కలో చూస్తే 116 అంటే దాదాపు 82 శాతం! మాత్ర డోసు మారినప్పుడు ఈ హద్దులు కూడా మళ్లీ చూపించుకోవాలి. నాకు ఒకసారి మార్చారు.

పట్టీకి ముందు కొన్నాళ్లు చేతి వాచీనే నమ్ముకున్నాను. ఒకరోజు మామూలుగా నడుస్తుంటే 118 చూపించింది. గుండె గుభేలుమంది. ఆగి, మణికట్టు దగ్గర నాడి పట్టుకుని 15 సెకన్లు లెక్కపెడితే 24, అంటే నిమిషానికి 96. వాచీ చర్మంలోకి వెలుతురు పంపి రక్తం కదలికను చూస్తుంది కాబట్టి, చేతులు ఊపుతూ నడిచేటప్పుడు ఒక్కోసారి అడుగుల లయనే గుండె లయ అనుకుంటుందట. పట్టీ గుండె విద్యుత్ సంకేతాలను చదువుతుంది. దాని అంకె, నా నాడి లెక్క ఎప్పుడూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి.

పట్టీతోనూ ఇబ్బందులున్నాయి. లోపలి భాగం తడపకుండా కట్టుకుంటే, చెమట పట్టేదాకా పిచ్చి అంకెలు వస్తాయి. రెండో ఏడాదికి ఎలాస్టిక్ సాగిపోయి జారడం మొదలైంది, పట్టీ మార్చాల్సి వచ్చింది. వాడాక సెన్సర్ ఊడదీసి పెట్టకపోతే బ్యాటరీ త్వరగా అయిపోతుంది. గుండె లయ తప్పే సమస్య, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లు మాత్రం ఏ పరికరం అంకె మీదా పూర్తిగా ఆధారపడకండి, డాక్టర్‌ను అడిగే హద్దు పెట్టుకోండి.

అంకె హద్దులోనే ఉన్నా ఛాతీలో బిగుతు, కళ్లు తిరగడం ఉంటే ఆగిపోవాలి. ఈ మాట నేను అందరికీ గట్టిగా చెబుతాను. నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నానా అని కూడా చూసుకుంటాను. ఎండ ఎక్కువగా ఉన్న రోజు అదే నడకకు గుండె వేగం పెరుగుతుంది, అప్పుడు అడుగు తగ్గిస్తాను. చివరి పది నిమిషాలు నెమ్మదిగా నడిచే ముగిస్తాను. ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి, నాకు ఒకసారి అలాగే అయింది.

మొదటి నెలలో 100 తాకించిన నడక వేగానికి ఇప్పుడు 90 దాటడం లేదు. మెట్ల దగ్గర ఆగడం మానేశాను.