డాస్‌టుయూనిక్స్: లైను చివర కనపడని అక్షరాన్ని పట్టిచ్చే చిన్న టూల్

అనంతపురం పాతూరులో ఒక శనక్కాయల వ్యాపారి దుకాణంలో బిల్లుల కంప్యూటర్ నేనే చూసుకుంటాను. దాంట్లో ఉబుంటు ఉంది, అంటే లినక్స్‌లో ఒక రకం. రోజూ రాత్రి 11 గంటలకు బిల్లులన్నీ వేరే డిస్కులోకి కాపీ కావాలని ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్‌లో 42 లైన్ల షెల్ స్క్రిప్ట్ (వరసగా నడిచే ఆదేశాల ఫైల్) రాసి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి పెట్టాను. రెండు రాత్రులు కాపీ పడలేదు. "ఏమప్పా, నిన్న కూడా పడలేదంట?" అని ఆయన అడిగితే టెన్షన్ మొదలైంది.

నేరుగా నడిపితే 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అంటుంది, స్క్రిప్ట్‌ను నడిపించే బాష్ అనే ప్రోగ్రామ్ పేరు పక్కన టోపీ గుర్తు, ఒక ఎం (^M). ముందు బాష్ అని కొట్టి నడిపితే ఇంకో వింత: 'బిల్లులు' ఫోల్డర్ తయారైంది, లోపలికి పోదామంటే అలాంటిదే లేదంటుంది, లిస్ట్ తీసి చూస్తే పేరు చివర బ్యాక్‌స్లాష్ ఆర్ (\r) తగులుకొని ఉంది.

విషయం ఏమిటంటే విండోస్‌లో ప్రతి లైను చివరా రెండు అక్షరాలుంటాయి, క్యారేజ్ రిటర్న్ (కోడ్ 13), లైన్ ఫీడ్ (కోడ్ 10). లినక్స్‌కు రెండోది చాలు, మొదటిదాన్ని పేరులో భాగమే అనుకుంటుంది. పైన ^M, \r అని కనపడింది ఆ మొదటిదే. అందుకే ఎదురుగా ఉన్న బాష్‌ను కూడా లేదంటుంది.

ఆ మొదటి అక్షరాన్ని తీసేసి ఫైల్‌ను లినక్స్ పద్ధతికి మార్చే టూల్ డాస్‌టుయూనిక్స్ (dos2unix), ఉచితం. ఉబుంటులో ముందే ఉండదు, ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్ (apt) కమాండ్‌తో వేసుకోవాలి. నాకు బాగా నచ్చింది దాని హైఫన్ ఐ (-i) ఆప్షన్, ఫైల్‌ను ముట్టుకోకుండా డాస్ (అంటే విండోస్ పద్ధతి) లైన్లెన్ని, యూనిక్స్ (అంటే లినక్స్ పద్ధతి) లైన్లెన్ని, పాత మ్యాక్‌వెన్ని అని లెక్క చెబుతుంది. నాది 42, 0, 0. రోగం ఏదో అక్కడే తేలిపోయింది, మార్చడం క్షణం పని.

ఫైల్‌లో అక్షరాలు మార్చే సెడ్ (sed) కమాండ్‌తో ఒక్క లైనులో చేయొచ్చు కదా అంటారు, చేయొచ్చు. కానీ తెలుగు మెసేజ్‌లున్న నా ఇంకో స్క్రిప్ట్ బామ్‌తో (BOM) సేవ్ అయింది, అంటే ఫైల్ మొదట్లో కనపడని మూడు బైట్లు. సెడ్ లైన్ల చివర శుభ్రం చేసినా మొదటి లైను తప్పే చూపించింది. డాస్‌టుయూనిక్స్ మాత్రం చెప్పకుండానే ఆ బామ్‌ను కూడా తీసేస్తుంది.

లోటు లేకపోలేదు. మామూలుగా అసలు ఫైల్‌మీదే రాసేస్తుంది, పాతది కావాలంటే హైఫన్ ఎన్ (-n) ఇచ్చి కొత్త పేరు చెప్పాలి. పైగా మళ్లీ విండోస్‌లో కొత్త ఫైల్ రాస్తే కథ మొదటికొస్తుంది. 2018 నుంచి నోట్‌ప్యాడ్ యూనిక్స్ ఫైళ్లను సరిగ్గానే తెరుస్తుంది కానీ కొత్తవి ఇప్పటికీ విండోస్ పద్ధతిలోనే సేవ్ చేస్తుంది. అందుకే నా ఎడిటర్‌లో లైను చివర ఎల్ఎఫ్ (లైన్ ఫీడ్ ఒక్కటే) ఉండేలా పెట్టేశాను, ఫైళ్ల మార్పులు దాచిపెట్టే గిట్ వాడేవాళ్లు దాని సెట్టింగ్ ఫైల్ గిట్‌ఆట్రిబ్యూట్స్‌లో (.gitattributes) షెల్ ఫైళ్లకు అదే రాసుకోండి.

డాస్‌టుయూనిక్స్ ఫైల్ లోపల ఉన్నదే మారుస్తుంది, పేర్ల జోలికి పోదు. ఆ వింత ఫోల్డర్‌ను నేనే సరిచేశాను, మొదటి రెండక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే పేరు దానంతటదే నిండింది, మూవ్ (mv) కమాండ్‌తో పేరు మార్చాను. ఆ రోజు బిల్లులన్నీ అందులోనే ఉన్నాయి.