వడ్డీ బ్యాంకా, ఇస్లామిక్ బ్యాంకా: గడ్డుకాలంలో ఏది నిలుస్తుంది?

పాకిస్తాన్‌లో ఫెడరల్ షరియత్ కోర్టు 2027 డిసెంబరు 31 నాటికి వడ్డీని పూర్తిగా తొలగించాలని 2022 ఏప్రిల్‌లో తీర్పు ఇచ్చింది. అప్పటినుంచి గల్ఫ్‌లో పనిచేసే పాఠకులు అదేపనిగా ఒకటే అడుగుతున్నారు: వర్ధమాన దేశాల్లో బ్యాంకులు కూలకుండా ఉండాలంటే వడ్డీ బదులు వస్తువుల క్రయవిక్రయాల మీద, లాభనష్టాల పంపకం మీద నడిచే ఈ ఇస్లామిక్ పద్ధతి మేలా, మామూలు పద్ధతి మేలా?

ఇస్లామిక్ బ్యాంకుల పక్షాన ఎప్పుడూ వినిపించే సాక్ష్యం 2008 సంక్షోభం. అప్పును అప్పుగా అమ్ముకోవడం నిషిద్ధం కాబట్టి అమెరికా గృహరుణాల విషపు పత్రాలు వాటి ఖాతాల్లోకి చేరలేదు. అంతర్జాతీయ ద్రవ్యనిధి ఆర్థికవేత్తల పరిశీలనలోనూ ఆ ఏడాది రుణాల, ఆస్తుల పెరుగుదలలో అవే ముందున్నాయి. అయితే 2009లో సంక్షోభం అసలు ఆర్థిక వ్యవస్థకు పాకినప్పుడు కొన్ని దేశాల్లో వాటి లాభాలే ఎక్కువ పడిపోయాయి. దుబాయ్‌లో నఖీల్ అనే స్థిరాస్తి సంస్థ సుకూక్ (ఒక ఆస్తిని ఆధారంగా చూపి అమ్మే వడ్డీలేని బాండ్లు) గడువు దగ్గర పడిన వేళ అబుదాబి 1,000 కోట్ల డాలర్లతో ఆదుకోకపోతే ఆ పత్రాలు కొన్నవారి గతి ఏమయ్యేదో! వస్తువును ఆధారంగా చూపినంత మాత్రాన ఆ వస్తువు ధర పడిపోకుండా ఉండదు. అంతర్జాతీయ ద్రవ్యనిధి వారిదే 2008 నాటి మరో అధ్యయనం ప్రకారం చిన్న ఇస్లామిక్ బ్యాంకులు చిన్న వాణిజ్య బ్యాంకులకన్నా గట్టివి; పెద్దవాటిలో మాత్రం వాణిజ్య బ్యాంకులదే పైచేయి.

అప్పు తీసుకునేవారికి మురాబహా చాలా మంచి ఒప్పందం. 10 లక్షల ట్రాక్టరును బ్యాంకు కొని, 12 లక్షలకు మూడేళ్ళ వాయిదాల మీద అమ్మిందనుకోండి. ఆ తర్వాత మార్కెట్లో రేట్లు ఎంత పెరిగినా రైతు కట్టేది ఆ 12 లక్షలే. వాయిదా ఆలస్యమైనా బాకీ చక్రవడ్డీతో ఉబ్బిపోదు. కానీ రేట్లు పెరిగితే బ్యాంకుకు వచ్చే ఆదాయం పెరగదు, డిపాజిటరు చూపు మాత్రం పక్క బ్యాంకు మీదికి పోతుంది. లాభనష్టాలు పంచుకుంటానని సంతకం చేసినవాడే, లాభం తగ్గగానే డబ్బు తీసుకుని వెళ్ళిపోతాడు. అతన్ని నిలుపుకోవడానికి బ్యాంకు తన వాటా తగ్గించుకునో, నిల్వనిధి తీసో సర్దుబాటు చేస్తుంది. నష్టాన్ని డిపాజిటరు మోస్తాడు కాబట్టి బ్యాంకు కూలదన్న వాదన కాగితం మీద నిజం, కౌంటరు దగ్గర కాదు.

నా దృష్టిలో అసలు పరీక్ష అక్కడే ఉంది. జనం ఒక్కసారిగా డబ్బు కోసం ఎగబడిన రోజున ఆ బ్యాంకు ఎవరి తలుపు తట్టాలి? వడ్డీ బ్యాంకుకు జవాబు సిద్ధంగా ఉంటుంది: సాయంత్రానికి మరో బ్యాంకు, లేదంటే కేంద్ర బ్యాంకు. వడ్డీ ముట్టుకోని బ్యాంకుకు ఆ తలుపును ప్రత్యేకంగా కట్టిపెట్టాలి.

తుర్కియేలో 2001 నాటికి అది లేదు. ఇహ్లాస్ ఫైనాన్స్ అనే వడ్డీలేని ఇస్లామిక్ సంస్థ నిధులు సొంత గ్రూపు కంపెనీలకు మళ్ళాయి, ఫిబ్రవరిలో దాని లైసెన్సు రద్దయింది. ఆ ఖాతాలకు డిపాజిట్ బీమా కూడా లేదు. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, అలాంటి మిగతా సంస్థల ఖాతాదారులూ డబ్బు వెనక్కి తీసుకోవడానికి ఎగబడ్డారు.

మలేసియా ఆ తలుపును ఓపికగా కట్టింది. 1983లో తొలి చట్టం, 1994లో ఇస్లామిక్ అంతర్‌బ్యాంకు మార్కెట్, 2009లో బుర్సా సూక్ అల్-సిలా వేదిక. అక్కడ ఒక పూట జరిగేది చూడండి: నగదు మిగిలిన బ్యాంకు ముడి పామాయిల్ కొంటుంది, దాన్ని నగదు కావలసిన బ్యాంకుకు కాస్త ఎక్కువ ధరకు అరువు మీద అమ్ముతుంది. అది వెంటనే ఇంకొకరికి అమ్మి నగదు చేసుకుంటుంది. ఇది వడ్డీకి ముసుగేనని విమర్శించే పండితులున్నారు, వారి మాటలో బలం ఉంది. కానీ డిపాజిటరు సొమ్ము దక్కడమే నాకు ముఖ్యం. పైగా 2013 చట్టం డిపాజిట్ ఏదో, పెట్టుబడి ఖాతా ఏదో విడదీసింది: మొదటిదానికి బీమా ఉంది, రెండోదానికి లేదు. నష్టం ఎవరిదో ముందే తేలిపోయింది.

తలుపు ఉంటే చాలదని బంగ్లాదేశ్ చూపించింది. కేంద్ర బ్యాంకు వద్ద ఖాతా లోటులో పడినా కొన్ని ఇస్లామిక్ బ్యాంకులను నడవనిచ్చారు. యజమానులకు దగ్గరివారికి వెళ్ళిన రుణాలను ఆపినవారు లేరు. చివరికి 2025లో అయిదు బ్యాంకులను కలిపి ఒకటి చేయాల్సి వచ్చింది. ఇందులో షరియత్ తప్పేమీ లేదు. వడ్డీ బ్యాంకుల్లోనూ ఇదే దోపిడీ జరిగింది.

వ్యవస్థ మొత్తాన్నీ మార్చేసిన ఇరాన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. డిపాజిట్ల మీద లాభపు రేటును ప్రభుత్వ మండలే నిర్ణయిస్తుంటే అక్కడ పంచుకునే నష్టం ఏముంది? ఇక మామూలు బ్యాంకులో ఒక మూల ఇస్లామిక్ కౌంటరు తెరవడం ఖాతాదారుకు సౌకర్యం, వ్యవస్థకు పెద్దగా లాభనష్టాల్లేవు. మన దేశంలో 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్‌ను సిఫారసు చేసింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ఆలోచన విరమించుకుంది.

కాబట్టి నా మొగ్గు మలేసియా తరహా జంట వ్యవస్థకే: రెండూ పక్కపక్కన, ఒకే పర్యవేక్షణ కింద, రెండింటికీ కష్టకాలపు తలుపుతో. పాకిస్తాన్ ఒక్క గడువులో అంతా మార్చాలనుకోవడమే నన్ను కలవరపెడుతోంది. అక్కడి స్టేట్ బ్యాంకు 2021 డిసెంబరులోనే ఇస్లామిక్ బ్యాంకులకు నగదు సదుపాయం తెరిచింది, అది మెచ్చుకోదగ్గ పని. కానీ అక్కడి బ్యాంకుల సొమ్ములో పెద్ద వాటా ప్రభుత్వ బాండ్లలోనే ఉంది. వాటి స్థానంలో సుకూక్ రావాలంటే ప్రతిదానికీ ఒక ఆస్తిని చూపాలి. 2022 జనవరిలో 100 కోట్ల డాలర్ల కోసం లాహోర్-ఇస్లామాబాద్ మోటార్‌వేలో ఒక భాగాన్ని ఆధారంగా పెట్టారు. దేశీయ రుణభారం మొత్తానికి అలాంటి ఆస్తులు ఎక్కడినుంచి తెస్తారో ఇస్లామాబాద్ ముందుగా చెప్పాలి.