ఆటోక్యాడ్, ఈటాబ్స్, ఎక్సెల్: మధ్యలో డేటా మొయ్యడానికి ఏ దారి మేలు?

విజయవాడ గవర్నర్‌పేటలో మాది రెండు గదుల స్ట్రక్చరల్ డిజైన్ ఆఫీసు. కంప్యూటర్లు మూడున్నా అసలు పని జరిగేది ఒక్కదాంట్లోనే, ఎందుకంటే ఈటాబ్స్ (బిల్డింగ్ మోడల్ మీద బరువులు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) లైసెన్సు దాంట్లోనే ఉంది. ఆటోక్యాడ్ (డ్రాయింగులు గీసేది), ఈటాబ్స్, ఎక్సెల్ మూడూ పొద్దుటి నుంచి పక్కపక్కనే తెరిచి ఉంటాయి, కానీ ఒకదాంట్లో ఏం మారిందో ఇంకోదానికి తెలియదు. ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోని తోడికోడళ్ల లెక్క, కబుర్లు మనమే మొయ్యాలి. మొయ్యడానికి దారులు నాలుగైదు ఉన్నాయి, చాలావరకు వాడాను, వాడినవాటిలో దాదాపు అన్నిట్లోనూ దెబ్బ తిన్నాను.

ముందు డీఎక్స్‌ఎఫ్, ఆటోక్యాడ్ డ్రాయింగ్‌ని వేరే ప్రోగ్రాములకి అందించే ఫైలు. 1982లో ఆటోక్యాడ్‌తో పాటే పుట్టింది, మామూలుగా టెక్స్ట్ రూపంలోనే ఉంటుంది కాబట్టి కావాలంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూసుకోవచ్చు. గ్రిడ్లు ఒక లేయర్‌లో, కాలమ్ సెంటర్లు ఒకదాంట్లో, బీమ్ లైన్లు ఇంకోదాంట్లో పెట్టి ఈటాబ్స్‌లోకి లాగితే గంటల పని నిమిషాల్లో అయిపోతుంది. అయితే అది మోసేది గీతల్నే. ఆ గీత 230 బై 450 బీమ్ అని, దాని మీద తొమ్మిదంగుళాల గోడ ఉందని దానికేం తెలుసు?

యూనిట్లూ అంతే, గీత పొడవు 120 అని ఉంటుంది తప్ప 120 ఏంటో ఉండదు. ఫైలు మొదట్లో యూనిట్ కోసం ఒక నంబరు ఉంటుంది (1 అంటే అంగుళాలు, 4 అంటే మిల్లీమీటర్లు, 6 అంటే మీటర్లు), కానీ గీసినవాళ్లు దాన్ని సరిగ్గా పెట్టారన్న నమ్మకం లేదు. అంగుళాల ప్లాన్‌ని మిల్లీమీటర్లు అనుకుని లాగితే బిల్డింగ్ 25.4 రెట్లు చిన్నదైపోతుంది, నయం, అది చూడగానే తెలిసిపోతుంది. సర్వే డ్రాయింగులు అలా కాదు. విజయవాడ యూటీఎమ్ (భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే మ్యాప్ పద్ధతి) 44వ జోన్‌లో ఉంది, ఆ కోఆర్డినేట్లతో వచ్చిన డ్రాయింగ్‌లో ఈస్టింగ్ (తూర్పు వైపు కొలత) నాలుగున్నర లక్షల మీటర్ల పైన, నార్తింగ్ (ఉత్తరం వైపు కొలత) 18 లక్షల పైన ఉంటాయి. అంత దూరంలో మోడల్ పెట్టుకుంటే చిన్న తేడాలు పట్టుకోవడం నరకం, అందుకే ఎక్స్‌పోర్ట్ చేసే ముందే ఒక గ్రిడ్ మూలని సున్నా, సున్నాకి జరిపేస్తాను.

నన్ను నిజంగా ముంచింది మాత్రం 8 మిల్లీమీటర్లు. గుంటూరు గోరంట్ల వైపు ఒక అయిదంతస్తుల అపార్ట్‌మెంట్, 4.2 మీటర్ల బీమ్ ఒకటి, గీత కాలమ్ సెంటర్‌కి 8 మిల్లీమీటర్ల ముందే ఆగిపోయింది. స్క్రీన్ మీద చూస్తే ముట్టుకున్నట్టే ఉంది, మెర్జ్ టాలరెన్స్‌కి (ఎంత దగ్గరుంటే రెండు చివర్లని ఒకటిగా కలపాలనే హద్దు) మాత్రం అందలేదు. ఈటాబ్స్ దృష్టిలో ఆ చివర గాల్లో ఉంది, అంటే అది కాంటిలివర్ (ఒక్క చివరే పట్టుకున్న బీమ్). రెండు చివర్లూ బిగిసిన బీమ్‌కి చివర్లో మొమెంట్ (బీమ్‌ని వంచే ప్రభావం) డబ్ల్యూ ఎల్ స్క్వేర్ బై 12 (డబ్ల్యూ మీటరుకి బరువు, ఎల్ పొడవు) అయితే కాంటిలివర్‌కి బై 2, అంటే ఆరు రెట్లు. ఆ ఒక్క బీమ్‌లో పైన స్టీలు కిక్కిరిసిపోయి కనిపించబట్టి పట్టుకున్నాను. అదే చిన్న బాల్కనీ బీమ్ అయ్యుంటే కంటికి ఆనేది కాదు. అప్పట్నుంచి డీఎక్స్‌ఎఫ్ లాగగానే చెక్ మోడల్ (మోడల్‌లో తప్పులు వెతికే ఈటాబ్స్ కమాండ్) నడపకుండా టీ కూడా తాగను.

ఇక ఈటాబ్స్ నుంచి ఎక్సెల్‌కి. అందరూ చేసేదే, టేబుల్ తెరిచి ఎక్స్‌పోర్ట్ కొట్టడం లేదా కాపీ పేస్ట్. కొత్తవాళ్లకి నేను చెప్పేది ఇదే, ఎందుకంటే ప్రతి నంబరూ కళ్ల ముందు ఉంటుంది, తప్పుంటే వేలు పెట్టి చూపించొచ్చు. ఎక్సెల్ తెలివితేటలే కాస్త ఎక్కువ. గ్రిడ్ 3 నుంచి 4కి పోయే బీమ్‌కి 3-4 అని పేరు పెట్టి సీఎస్‌వీ ఫైలు (కామాలతో గడులు విడదీసే టెక్స్ట్ ఫైలు) తెరిస్తే దాన్ని తారీఖు చేసి కూర్చుంటుంది. 1ఈ5 లాంటి పేరుని ఇంగ్లిష్ అక్షరంతో రాస్తే లక్ష అనుకుంటుంది. పేరు ముందు బీ అనో సీ అనో ఒక అక్షరం తగిలిస్తే ఈ గొడవ ఉండదు. ఇంకోటి, ఎవరైనా 1,25,000 అని మన పద్ధతిలో కామాలు పెట్టిన నంబరుని అలాగే సీఎస్‌వీలో రాస్తే అది మూడు గడుల్లోకి విడిపోతుంది.

కానీ ఎక్సెల్‌తో పెద్ద ప్రమాదం ఇవేవీ కాదు, పాతబడిపోవడం. గుంటూరు సైటు మా బాబాయ్‌దే. కింద పార్కింగ్‌లో కారు తిరగట్లేదని ఆర్కిటెక్ట్ ఒక కాలమ్ తీసేశాడు, నేను మోడల్ మార్చి మళ్లీ నడిపాను, డ్రాయింగ్ కూడా మార్చాను, మధ్యలో ఉన్న ఎక్సెల్ షీట్ మాత్రం నిన్నటిదే. దాన్నుంచి తీసిన ఫుటింగ్ (కాలమ్ కింది పునాది) కాగితమే సైటుకి వెళ్లింది. పొద్దున్నే ఫోను.

"ఒరేయ్, నువ్విచ్చిన కాగితంలో సీ7 కాలమ్ ఫుటింగ్ ఆరున్నర అడుగులు, డ్రాయింగ్‌లో ఎనిమిది అడుగులు. జేసీబీ వచ్చి నిలబడింది, గుంట ఏ సైజు తవ్వమంటావు?"

"పది నిమిషాలు ఆగు బాబాయ్, చూసి చెప్తా."

"జేసీబీకి గంట లెక్కరా, త్వరగా చూడు."

ఆ రోజే మూడో దారి పట్టాను, ఏపీఐ. ఈటాబ్స్ బయటి ప్రోగ్రాముల కోసం తలుపు తెరిచి పెట్టింది, పైథాన్ నుంచో ఎక్సెల్ మాక్రో నుంచో నడుస్తున్న ఈటాబ్స్‌ని పట్టుకుని రియాక్షన్లు (ఒక్కో కాలమ్ కింద పునాది మీద పడే లోడు) నేరుగా అడగొచ్చు. నేను రాసింది అరవై లైన్లు కూడా ఉండదు. ప్రతి కాలమ్ కింద లోడు తీసుకుంటుంది, పది శాతం ఫుటింగ్ బరువు కలుపుతుంది, సాయిల్ రిపోర్ట్‌లోని బేరింగ్ కెపాసిటీతో (చదరపు మీటరు నేల మోయగల బరువు) భాగిస్తుంది. సీ7 కింద 810 కిలోన్యూటన్లు, పది శాతం కలిపితే 891, దాన్ని ఆ బేరింగ్ కెపాసిటీ 150తో భాగిస్తే 5.94 చదరపు మీటర్లు, అంటే పక్కకి 2.44 మీటర్లు, బాబాయ్ భాషలో ఎనిమిది అడుగులు. మోడల్ మారితే మళ్లీ ఒక్క బటన్, నిన్నటి నంబరు అన్న మాటే ఉండదు.

మొదటి రోజు మాత్రం చుక్కలు చూపించింది. ఈటాబ్స్ ఎదురుగా తెరిచే ఉంది, స్క్రిప్టేమో ఈటాబ్స్ నడవట్లేదంటుంది. రెండు గంటలు కొట్టుకున్నాక తేలింది, ఈటాబ్స్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచాను, పైథాన్‌ని మామూలుగా. విండోస్‌లో అలా వేర్వేరు స్థాయిల్లో నడిచే ప్రోగ్రాములు ఒకదాన్నొకటి చూడలేవు, రెండూ ఒకే రకంగా తెరవాలి. యూనిట్లు స్క్రిప్టులోనే గట్టిగా చెప్పాలి, నేను కిలోన్యూటన్, మీటర్ అని మొదటి లైన్లోనే పెడతాను. ఏ లోడ్ కాంబినేషన్ (ఏ లోడ్లని ఎంతతో గుణించి కలపాలనే లెక్క) కావాలో కూడా పేరు పెట్టి అడగాలి. ఫుటింగ్ సైజుకి 1.5తో గుణించిన కాంబినేషన్ తీసుకుంటే గుంట ఒకటిన్నర రెట్లు అవుతుంది, ప్రోగ్రాము మాత్రం కిమ్మనదు, అడిగింది ఇచ్చేసి ఊరుకుంటుంది.

నాకు ఏపీఐ మీద ఉన్న అనుమానం అక్కడే. ఎక్సెల్‌లో తప్పు కళ్ల ముందు ఉంటుంది, ఏపీఐలో తప్పు కోడ్ లోపల ఉంటుంది. రాసిన కుర్రాడు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే ఆ స్క్రిప్ట్ ముట్టుకునేవాడు ఉండడు. అందుకే ఒకే పని మూడోసారి వచ్చినప్పుడే స్క్రిప్ట్ రాస్తాను. ఒక్కసారి చేసే పనికి టేబుల్ ఎక్స్‌పోర్ట్ చాలు.

ఐఎఫ్‌సీ (వేర్వేరు సాఫ్ట్‌వేర్ల మధ్య బిల్డింగ్ మోడల్‌ని మోసే ఫైలు) గురించి అడుగుతుంటారు. 2013లో ఐఎస్‌ఓ 16739 అనే అంతర్జాతీయ ప్రమాణం అయింది, బీమ్‌ని బీమ్‌గా, కాలమ్‌ని కాలమ్‌గా సైజులతో సహా మోస్తుంది, ఉద్దేశం గొప్పదే. ఆర్కిటెక్ట్ రెవిట్‌లో (బిల్డింగ్ 3డీ మోడల్ చేసే సాఫ్ట్‌వేర్) చేస్తేనే దాని అవసరం, నా దగ్గరికి వచ్చే ప్లాన్లు చాలావరకు ఇంకా డీడబ్ల్యూజీలే (ఆటోక్యాడ్ ఫైళ్లు). పైగా ఆర్కిటెక్ట్ మోడల్‌లో బీమ్ అంటే ఘనం, మనకి కావాల్సింది సెంటర్ లైన్, చివరికి సగం మళ్లీ చేత్తో సరిచేయాల్సిందే. రెవిట్ నుంచి ఈటాబ్స్‌కి నేరుగా కలిపే ప్లగిన్ కూడా ఉంది, రెండూ కొన్నవాళ్లు వాడుకోవచ్చు, మా ఆఫీసు స్థాయికి ఖర్చు గిట్టదు.

కాబట్టి నా పద్ధతి ఇది. గ్రిడ్లకి, కాలమ్ సెంటర్లకి డీఎక్స్‌ఎఫ్, అదీ ఒకే ఒక్కసారి, ఆ తర్వాత మార్పులన్నీ ఈటాబ్స్‌లోనే. బీమ్ లైన్లు డీఎక్స్‌ఎఫ్ నుంచి తీసుకోవడం మానేశాను, గ్రిడ్ మీద చేత్తోనే గీస్తాను, 8 మిల్లీమీటర్ల గొడవ ఇంకా గుర్తుంది. ఫుటింగ్ లోడ్లకి ఏపీఐ. మిగతావన్నీ ఎక్సెల్ టేబుల్, కాకపోతే షీట్ మొదటి వరసలో మోడల్ ఫైలు పేరు, నడిపిన రోజు, టైము ఉండాలి, దాని కింద నిలువు రియాక్షన్ల మొత్తం. ఆ మొత్తం ఈటాబ్స్‌లో కనిపించే బేస్ రియాక్షన్‌తో సరిపోకపోతే ఆ షీట్ ఆఫీసు దాటి బయటికి పోదు. బాబాయ్ ఇప్పుడు కాగితం అందగానే ముందు ఆ టైమే చూస్తున్నాడు.