ఓపెన్ టెన్త్: ఎన్‌ఐఓఎస్‌లో ఏది బాగుంది, ఎక్కడ బోల్తా పడతారు

బడి మానేసి పదేళ్లో ఇరవయ్యేళ్లో అయినవాళ్లు పదో తరగతి పూర్తి చేయడానికి ఎన్‌ఐఓఎస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్) నమ్మదగిన దారే. 1989లో మొదలైన సంస్థ ఇది. సెకండరీ కోర్సులో, అంటే పదో తరగతిలో, చేరడానికి 14 ఏళ్లు నిండితే చాలు, పైవయసుకు హద్దు లేదు. తెలుగు మాధ్యమంలోనూ రాయొచ్చు.

దీని అసలు బలం విడతలుగా రాసుకునే వీలు. కావలసినవి 5 సబ్జెక్టులు, అందులో కనీసం ఒకటి భాష. రిజిస్ట్రేషన్ 5 ఏళ్లు నిలుస్తుంది, ఆలోగా 9 పబ్లిక్ పరీక్షలకు అవకాశం. ఒకసారి పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు. కాబట్టి అయిదూ ఒకేసారి నెత్తికెత్తుకోవద్దు. మొదటి విడతలో తెలుగు, సాంఘికశాస్త్రం, హోమ్ సైన్స్ లాంటివి గట్టెక్కించి, లెక్కల్ని మాత్రం ఒంటరిగా ఒక విడతకు ఉంచుకోవడం మేలు. చదువు వదిలేసి చాలాకాలమైనవాళ్లను ఎక్కువగా ముంచేది అదే.

లెక్కలు అసలు తీసుకోకుండానే పాసయ్యే వీలుంది. అదే ఉచ్చు. రేపు పాలిటెక్నిక్‌కు వెళ్లాలంటే పాలిసెట్‌కు లెక్కలు ఉండాల్సిందే. పైగా ఎన్‌ఐఓఎస్‌లో పాస్ మార్కు 33 శాతం, పాలిసెట్ అడిగేది 35. అంచున 33తో బయటపడ్డవాళ్లకు మెమో చేతిలో ఉన్నా సీటు రాదు. సబ్జెక్టులు ఎంచుకునే ముందే తర్వాత ఏం చదవాలో తేల్చుకోవాలి.

అసైన్‌మెంట్లను (టీఎంఏ) చిన్నచూపు చూడొద్దు. వాటికి థియరీలో 20 శాతం. అక్కడ మంచి మార్కులొస్తే పరీక్ష మీద భారం తగ్గుతుంది. అసలు ఇవ్వకపోతే మార్కులన్నీ పరీక్షలోంచే రావాలి. సైన్స్ లాంటి వాటిలో ప్రాక్టికల్స్ విడిగా పాసవాలి. థియరీలో ఎన్ని వచ్చినా ఆ లోటు పూడదు.

ఇక బలహీనత, స్టడీ సెంటర్లు. సెలవు రోజుల్లో జరగాల్సిన కాంటాక్ట్ క్లాసులు కొన్నిచోట్ల కాగితం మీదే ఉంటాయి. చేరే ముందు ఒక ఆదివారం వెళ్లి, క్లాసు నడుస్తోందో లేదో కళ్లారా చూడండి. "పాస్ గ్యారంటీ" అనే మధ్యవర్తి కనబడితే దూరం జరగండి. అతను తన ఫోన్ నంబరు, మెయిల్ పెట్టి రిజిస్టర్ చేస్తే ఓటీపీ నుంచి హాల్ టికెట్ దాకా అన్నీ అతని చేతిలోనే ఉంటాయి.

అడ్మిషన్ ఫీజు కట్టి పని అయిపోయిందనుకునేవాళ్లూ ఉన్నారు. పరీక్ష ఫీజు వేరు, దాని గడువు వేరు. అది కట్టకపోతే హాల్ టికెట్ రాదు. ఇంటిపేరు, పుట్టినతేదీ ఆధార్‌లో ఉన్నట్టే నింపాలి. మెమో వచ్చాక దిద్దించుకోవడం పరీక్ష రాయడం కన్నా కష్టం.