బెదిరినప్పుడు ఏం చేస్తుంది? తిరుపతి పక్క ఐదు రకాల గుర్రాలు వాడి చూశాక

గుర్రం కొనాలని వచ్చేవాళ్ళు మొదట అడిగేది రంగు. తర్వాత ఎత్తు, రాజస్థాన్ జాతి మార్వాడీ అయితే లోపలికి వంపు తిరిగిన చెవులు. చంద్రగిరి పక్క ఒకే లాయంలో ఐదు రకాల గుర్రాలను పదేళ్ళకు పైగా కట్టి, ఒకే దారుల్లో తిప్పాక మేము ముందుగా అడిగే ప్రశ్న మారిపోయింది. ఈ గుర్రం బెదిరితే ఏం చేస్తుంది?

బెదరని గుర్రమంటూ ఉండదు. ట్రాక్టరు ట్రాలీ మీద గాలికి తపతపలాడే పట్టా, మామిడి తోపులో కాళ్ళ ముందు నుంచి లేచే నెమలి, పెళ్ళి బ్యాండు, వెనక నుంచి హారన్ కొట్టే ఆటో మన పక్క ఏ రోజూ తప్పవు. అలాంటప్పుడు ఒక జాతి ముందుకు దూకుతుంది, ఇంకొకటి ముందుకాళ్ళు ఎత్తుతుంది, మరొకటి ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, వేరొకటి రాయిలా నిలబడిపోతుంది. మీరు జీను మీద వీటిలో దేన్ని తట్టుకుని కూర్చోగలరో చూసుకుని జాతిని ఎంచుకోండి. పెంపకాన్ని బట్టి ఒక్కో గుర్రం తన జాతికి భిన్నంగా ఉండొచ్చు కానీ, భయం వచ్చిన మొదటి క్షణంలో మాత్రం జాతి బయటపడుతుంది.

చెన్నై, బెంగళూరు రేసుకోర్సులు దగ్గర కాబట్టి మనకు తేలిగ్గా దొరికేవి రేసు మానేసిన థరోబ్రెడ్లు. ధర తక్కువ, చూపుకు అందం, ఎత్తు 15.2 నుంచి 16.2 హ్యాండ్స్. హ్యాండ్ అంటే 4 అంగుళాలు. 15.2 అంటే పదిహేను హ్యాండ్స్ మీద రెండు అంగుళాలు, అంటే మూపు దగ్గర 62 అంగుళాలు. కొత్తవాళ్ళు ఎక్కువగా మోసపోయేది ఈ జాతి దగ్గరే, అయితే అందులో గుర్రం తప్పేమీ లేదు. దానికి నేర్పిన చదువు వేరు. పగ్గం బిగిస్తే నోటితో ఆనుకుని ఇంకా వేగం పెంచమని రేసులో నేర్పారు. భయపడిన కొత్త సవారీదారు రెండు చేతులా పగ్గం లాగుతాడు, గుర్రం దాన్ని ‘పరిగెత్తు’ అని అర్థం చేసుకుంటుంది. బెదిరితే ఇది ముందుకే దూకుతుంది కాబట్టి ఈ రెండూ కలిస్తే ఆపడం కష్టం. జాకీలు పొట్టి రికాబులతో పైకి లేచి ఉంటారు, అందువల్ల పొట్టకు రెండు వైపులా కాళ్ళు తగలడం కూడా దానికి కొత్తే. ఎక్కేటప్పుడు నిలబడదన్నది అందరూ చెప్పే ఫిర్యాదు. రేసు లాయాల్లో గుర్రం నడుస్తుండగానే సైస్ (గుర్రాన్ని చూసుకునే పనివాడు) జాకీ కాలు పట్టి పైకి ఎత్తేస్తాడు, నిలబడాలని దానికి ఎవరూ చెప్పలేదు. రోజూ ఎత్తుపీట దగ్గర నిలబెట్టి, ఎక్కి, పది లెక్కపెట్టి అప్పుడే కదిలిస్తే రెండు మూడు వారాల్లో నేర్చుకుంటుంది.

రేసు నుంచి వచ్చిన గుర్రానికి మూడు నుంచి ఆరు నెలలు జీను వేయకుండా వదలాలి. దాణా ఒక్కసారిగా ఆపకుండా రెండు వారాల్లో తగ్గిస్తూ, గడ్డి పెంచుతూ రావాలి. కొనేముందు ముందుకాళ్ళు చూడండి. మోకాలి కింద, ఎముక వెనక నిలువుగా దిగే నరాన్ని (రక్తనాళం కాదు, టెండన్ అనే కండర తాడు) బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని పైనుంచి కిందకు నిదానంగా దింపండి. బాగున్న నరం బిగించిన తాడులా అంచులు తెలుస్తూ ఉంటుంది. దెబ్బతిన్నది మధ్యలో విల్లులా వెనక్కి ఉబ్బి ఉంటుంది, పాత దెబ్బయితే గట్టిగా, కొత్తదైతే వెచ్చగా తగులుతుంది. రెండు కాళ్ళూ పోల్చి చూస్తేనే తేడా అందుతుంది. మానిన పాత దెబ్బ ఉన్న గుర్రం తోటల్లో నడకకు, కొంచెం ట్రాట్‌కు (నడకకూ పరుగుకూ మధ్య వేగం) పనికొస్తుంది, దూకించడానికి పనికిరాదు.

మన వాతావరణంలో థరోబ్రెడ్‌కు ఇంకో కష్టం చెమట ఆగిపోవడం. వేడి, తేమ కలిసిన చోట కొన్నింటికి చెమట పట్టడం తగ్గిపోతుంది. పని చేసి వచ్చాక ఒళ్ళు పొడిగా ఉండి, ముక్కుపుటాలు విచ్చుకుని గబగబా ఊపిరి తీస్తుంటే ఎండకు ఓర్చుకుందని మురిసిపోకండి, లోపల కాగుతోంది. విశ్రాంతిలో నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఊపిరి, 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ వేడి మామూలు. ఇలాంటి గుర్రాన్ని నీడలో ఫ్యాను కింద నిలబెట్టి నీళ్ళు పోస్తూనే ఉండాలి, వైద్యుడికి చూపించాలి. రెండేళ్ళయినా వలయంలో సవారీ నేర్చుకుని, పగ్గం పట్టుకోకుండా ట్రాట్‌లో కూర్చోగలిగినవాళ్ళకు, దూకించే ఆట మీద మనసున్నవాళ్ళకు ఇది సరైన జోడు. అలాంటి చేతుల్లో థరోబ్రెడ్ ఇచ్చే సుఖం ఇంకే జాతీ ఇవ్వదు.

మార్వాడీ 14.2 నుంచి 15.2 వరకు ఉంటుంది. డెక్కలు గట్టివి, ఎండకు ఓర్పు ఎక్కువ, స్వర్ణముఖి ఇసుకలో పది కిలోమీటర్లు నడిచినా మెడ దించదు. బెదిరితే మెడ ఎత్తి, వెనక్కి అడుగేసి, ఇంకా ఒత్తిడి చేస్తే ముందుకాళ్ళు లేపుతుంది. అప్పుడు పగ్గం లాగితే వెనక్కి విరుచుకుపడే ప్రమాదం ఉంది. ఒళ్ళు ముందుకు వంచి, పగ్గం పూర్తిగా వదిలి, కాళ్ళు దిగగానే ఒక పక్కకు తిప్పాలి. జ్ఞాపకశక్తి గట్టిది, ఒకచోట కొడితే ఆ చోటును నెలల తరబడి మరవదు. మనిషిని మరిగితే మాత్రం ఆ మనిషి గొంతు వినే నడుస్తుంది. పదిమంది ఎక్కే సవారీ బడికి దీన్ని పెట్టడం మాకు ఎప్పుడూ కలిసిరాలేదు.

మార్వాడీల్లో పెళ్ళిళ్ళకు నాట్యం నేర్పినవి చాలా తిరుగుతుంటాయి. వాటికి పగ్గం బిగించి, మడమ తగిలిస్తే ఉన్నచోటే కాళ్ళు ఎత్తి ఆడమని అర్థం. కొత్తవాళ్ళు భయంతో చేసేదీ సరిగ్గా అదే. గుర్రం చెప్పినట్టు ఆడుతుంటే, ఎక్కినవాళ్ళు అదేదో ఎదురుతిరిగిందనుకుని ఇంకా బిగిస్తారు. కొనేముందు ఫోనులో డప్పు చప్పుడు వినిపించి చూడండి, నేర్చినదైతే కాళ్ళు ఆగవు. నోరు కూడా తెరిచి చూడండి. నాలుక మీద, పెదవుల మూలల్లో తెల్లటి మచ్చలుంటే ముళ్ళ కళ్ళెం వాడారని గుర్తు. లాగే, మోసే జంతువుల మీద హింసను ఆపే 1965 నాటి నిబంధనలే ముళ్ళున్న కళ్ళేన్ని నిషేధించాయి, అయినా ఇంకా వాడేవాళ్ళున్నారు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అలాంటి నోటికి మధ్యలో రెండు కీళ్ళున్న నున్నటి కళ్ళెం వేసి, కొన్ని నెలలు నడక మాత్రమే చేయించాలి.

గుజరాత్ జాతి కాఠియావాడీని చూసి మార్వాడీ అనుకునేవాళ్ళున్నారు. ఎత్తు సాధారణంగా 15 లోపే, ఒళ్ళు సన్నం, చెవులు ఇంకా ఎక్కువ వంపు తిరిగి కొసలు కలుసుకుంటాయి. కొన్నింటికి వీపు మీద నల్లటి చార ఉంటుంది. చురుకు మరీ ఎక్కువ, లాయం గడియ తీయడం రెండు రోజుల్లో నేర్చేసుకుంటుంది. బెదిరితే రెప్పపాటులో వెనక్కి తిరుగుతుంది, ఆ తిరుగుడుకు ఎత్తు గుర్రాల మీద అలవాటైనవాళ్ళూ పక్కకు జారతారు. తేలికగా ఉండి, నడుము పట్టు ఉన్న యువకులకు బాగుంటుంది.

నుక్రా పంజాబు వైపు తెల్ల గుర్రం, గులాబీ రంగు చర్మం. పెద్దది, నిదానం. ఊరేగింపులో డప్పుల మధ్య గంటల తరబడి నిలబడగలిగేది ఇదే, పెద్ద వయసులో సవారీ నేర్చుకునేవాళ్ళకు మేము ముందు చూపించేదీ ఇదే. ఒక జాగ్రత్త ఉంది. ఇది బెదిరితే బిగుసుకుపోతుంది. మెడ ఎత్తి, కడుపు బిగించి, ఊపిరి ఆపి నిలబడితే శాంతంగా ఉందనుకుంటారు. ఆ బిగువు వదలకుండా మడమతో పొడిస్తే ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. పగ్గం ఒక పక్కకు తీసి చిన్న వలయంలో రెండడుగులు వేయించండి, ఊపిరి వదిలిన చప్పుడు మీకే వినిపిస్తుంది. ఎండాకాలం మూతి, కళ్ళ చుట్టూ చర్మం కమిలి పొక్కులు లేస్తుంది. ఉదయమే జింక్ ఆక్సైడ్ పూత రాయాలి, పదింటికల్లా నీడకు చేర్చాలి. ప్రదర్శనల కోసం కొవ్వు పట్టించినవి కొనకండి. మెడ మీది అంచు గట్టిగా ఉబ్బి ఉంటే డెక్క లోపలి వాపు జబ్బు పొంచి ఉన్నట్టే.

జట్కా బండ్లు లాగిన నాటు తట్టువలు ఇప్పుడు తక్కువ. 12, 13 హ్యాండ్స్ ఉంటాయి, పదేళ్ళలోపు పిల్లలకు సరిపోతాయి. బెదిరినా రెండడుగులు పక్కకేసి ఆగుతాయి, అసలు చిక్కు మొండితనంతో. తల ఒక్కసారిగా గడ్డిలోకి దించితే పగ్గం పట్టుకున్న పిల్లలు మెడ మీంచి ముందుకు జారతారు. కళ్ళెం కడియం నుంచి జీను ముందు కొక్కేనికి వదులుగా ఒక తాడు కడితే తల మోకాళ్ళ దాకా దిగదు. చేత్తో బెల్లం తినిపించడం అలవాటు చేస్తే కరవడం నేర్చుకుంటుంది, తొట్టిలో వేయండి.

జాతి ఏదైనా బరువు లెక్క తప్పకూడదు. జీనుతో కలిపి సవారీదారు బరువు గుర్రం బరువులో ఐదో వంతు దాటొద్దు. కాటా అవసరం లేదు. మూపు వెనక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని అదే అంకెతో గుణించి, భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివర దాకా ఉన్న పొడవుతో గుణించి, 11,880తో భాగించండి. చుట్టుకొలత 168, పొడవు 150 ఉన్న మార్వాడీ 356 కిలోలు తూగుతుంది. మోయగలిగేది 71 కిలోలు, జీను 7 పోతే మనిషికి 64. ఇక్కడే చాలామంది మగవాళ్ళు థరోబ్రెడ్‌కో నుక్రాకో మారాల్సి వస్తుంది.

వేడికీ ఒక లెక్క ఉంది. ఫారన్‌హీట్ డిగ్రీలకు గాలిలో తేమ శాతం కలపండి. 150 దాటితే నడక, కొద్దిపాటి ట్రాట్‌తో సరిపెట్టండి, 180 దాటితే జీను తీయండి. 35 సెల్సియస్ అంటే 95 ఫారన్‌హీట్, తేమ 60 ఉంటే అప్పటికే 155.

స్వభావం గురించి మాట్లాడేవాళ్ళు దాణా సంగతి మరిచిపోతారు. ఉలవలు మన పక్క చవక, అందుకని కిలోలకు కిలోలు పెట్టేస్తారు. పని లేని గుర్రానికి అంత దాణా పెడితే ఏ జాతైనా నిప్పులా ఉంటుంది. నానబెట్టి ఉడికించిన ఉలవలు రోజుకు అర కిలో, మహా అయితే కిలో చాలు. ఎండుగడ్డి గుర్రం బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతులు కావాలి. చెనిక్కాయ కట్టె పెడితే బూజు, మట్టి దులిపి పెట్టండి. నేల మీద మేత వేస్తే ఇసుక కడుపులో చేరి కోలిక్ (కడుపునొప్పి) వస్తుంది. అనుమానముంటే ప్లాస్టిక్ చేతి తొడుగులో ఐదారు లద్దె ఉండలు వేసి, నీళ్ళు పోసి కలిపి వేలాడదీయండి. పావుగంటలో వేళ్ళ కొసల్లోకి ఇసుక దిగి వేలికి గరగరా తగులుతుంది. చిత్తూరు పక్క కోళ్ళఫారాలు ఎక్కువ కాబట్టి ఇది గట్టిగా చెప్పాలి. కోళ్ళ దాణాలో కలిపే మోనెన్సిన్ గుర్రం గుండెను దెబ్బతీసి చంపుతుంది, పశువుల దాణాలోనూ కొన్నిసార్లు ఉంటుంది. ఆ బస్తాలు, ఆ చేటలు లాయంలోకే రానివ్వకండి.

‘చాలా శాంతం, పిల్లలు కూడా ఎక్కొచ్చు’ అని చూపించే గుర్రం పక్కటెముకలు లెక్కపెట్టగలిగేలా ఉంటే అది స్వభావం కాకపోవచ్చు, ఆకలో జబ్బో అయి ఉండొచ్చు. వానల తర్వాత జోరీగల వల్ల వచ్చే సర్రా జబ్బులో జ్వరం వస్తూ పోతూ ఉంటుంది, మేత తింటూనే చిక్కిపోతుంది, కాళ్ళకు, పొట్ట కిందకు నీరు దిగుతుంది. పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలండి. రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. పాలిపోయి ఉంటే రక్తపరీక్ష కాకుండా డబ్బు ఇవ్వకండి. అలాంటి గుర్రం కోలుకుని రెండు నెలలు బాగా తిన్నాక అసలు స్వభావంతో లేస్తుంది, మీరు కొన్నది వేరే గుర్రమని అప్పుడు తెలుస్తుంది.

చూడటానికి చెప్పిన సమయానికి గంట ముందే వెళ్ళండి. ముందే పరిగెత్తించి అలసట పెట్టి ఉంటే జీను పట్టీ కింద చెమట ఆరిన ఉప్పు చార తగులుతుంది. నాలుగు కాళ్ళూ ఎత్తించండి. యజమానిని ముందు ఎక్కమనండి, ఆయన ఎక్కనంటే మీరూ ఎక్కకండి. రెండు వైపులా వలయంలో ట్రాట్ చేయించండి. చివరగా మిగతా గుర్రాలను వదిలి ఒంటరిగా గేటు దాటించండి. లాయంలో మేకపిల్లలా ఉన్నది అక్కడ తోటివాటి కోసం సకిలిస్తూ వెనక్కి లాగితే కొత్తవాళ్ళకు అది వద్దు.

రాజస్థాన్ నుంచి తెప్పించుకునేవాళ్ళు ఆ ప్రయాణాన్ని నవంబరు, ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. ఎక్కించే ముందే గ్లాండర్స్ రక్తపరీక్ష చేయించండి. అది మనుషులకూ సోకే జబ్బు, ఖాయమైతే చట్టప్రకారం గుర్రాన్ని చంపాల్సిందే. దిగాక నెల రోజులు మిగతా గుర్రాలకు దూరంగా కట్టి, వేరే బక్కెట్టు, వేరే బ్రష్షు వాడండి. మొదటి రెండు వారాలు జీను వేయకుండా చేత్తో పట్టి నడిపించండి. మన నీళ్ళ రుచి కొత్తై తాగకపోతే ఉడికించిన ఉలవల కట్టు కొంచెం కలపండి, బక్కెట్టు ఖాళీ చేస్తుంది.